పెట్టెలు విప్పకముందు

నేను దుబాసీని.
రెండు భాషల మధ్య నిలబడటం నా కొలువు.
ఉంగావా తీరపు గాలిలో నిలబడటం
దానికంటే తేలిక.

మార్చి నెల. మంచు ఇంకా రాయిలాగే ఉంది.
విమానం నాలుగు చెక్కపెట్టెల్నీ ముగ్గురు మనుషుల్నీ దించి
ఇంజను ఆపకుండానే తిరిగి వెళ్ళిపోయింది.
పెట్టెల్లో ఊపిరితిత్తుల్ని చూసే యంత్రం.
మా ఊళ్ళో దగ్గు మళ్ళీ ఇల్లిల్లూ తిరుగుతోంది.
పిలిచింది మేమే, అబద్ధమెందుకు.

బడి ఆటలగదిలో సమావేశం.
డాక్టర్ హోల్మ్‌గ్రెన్ మంచివాడు,
ముందే కాగితం మీద రాసుకొచ్చిన మంచితనం.
"భాగస్వామ్యం" అన్నాడు.
ఆ క్షణాన నా నాలుకకి సరైన మాట తగల్లేదు.
"ఒకే తాడుని చెరో కొసా పట్టుకోవడం" అన్నాను.
వెనక గోడకి ఆనుకున్న వేటగాడు టూమాసీ అడిగాడు:
"తాడు ఎవరిది?"
అదీ అనువదించాను.
డాక్టరు కాగితాల్లో వెతుక్కున్నాడు.

అప్పుడు లేచింది సియాసి.
లేవడమంటే, కర్ర మీద సగం లేచి
అక్కడే ఆగిపోవడం.
"నాకు ఐదేళ్ళప్పుడు ఓడొచ్చింది.
మా అమ్మ ఛాతీకి ఫోటో తీశారు.
చేతి మీద ఏదో గీశారు.
మళ్ళీ ఒడ్డుకి దిగనివ్వలేదు.
ఆమె సగం కుట్టి వదిలేసిన బూటు పట్టుకుని
సీలు నూనె దీపం దగ్గర కూచున్నాను.
మీ పెట్టెలు విప్పకముందు చెప్పండి,
ఆమెని ఎక్కడ పెట్టారు?"

"అది వేరే కాలం" అన్నాడు డాక్టరు, మెల్లగానే.
చెప్పాను.
సియాసి కూర్చోలేదు.

నర్సు నోరీన్ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చింది.
నేల మీద కుర్చీకాళ్ళు కీచుమన్నాయి.
"అమ్మ పేరు?"
"పేరు వాళ్ళు రాసుకోలేదు. నంబరు రాసుకున్నారు."
ఒక్కో అంకే చెప్పింది, ఇంగ్లీషులో,
అరవై ఎనిమిదేళ్ళుగా నోట్లో నానుతున్న అంకెలు.
నేను పక్కన ఊరికే నిలబడ్డాను.

పెట్టెలు విప్పలేదు.
గ్యారేజీలో టార్పాలిన్ కింద పడున్నాయి.
సముద్రం మీద మంచు పగిలింది, బాతులొచ్చాయి, దోమలొచ్చాయి.
ప్రతి గురువారం ఫోను.
"ఇంకా ఏమీ దొరకలేదు" అనేది నోరీన్.
ఏమీ దొరకలేదని చెప్పడానికి ఫోను చేసే మనిషిని
మా ఊరు అంతకుముందు ఎరగదు.

ఈలోగా కాగితం మేం రాశాం.
ఫిల్ములు మా బీరువాలో, తాళంచెవి మా దగ్గర.
ఎవరి ఊపిరి సంగతి ముందు వాళ్ళకే, వాళ్ళింట్లోనే చెప్పాలి.
యంత్రం పని టూమాసీ కూతురు నేర్చుకోవాలి.
మళ్ళీ వచ్చిన డాక్టరు రెండుసార్లు చదివి
"ఇక్కడ నాకు అర్థం కాలేదు" అన్నాడు ఒక వాక్యం చూపించి.
టూమాసీ ఏమీ అనకుండా
అతని కప్పులో టీ పోశాడు.

సెప్టెంబరులో దొరికింది.
దక్షిణాన ఒక ఊరు, ఆసుపత్రి వెనక గడ్డి,
గడ్డిలో ఒక మేకు, మేకు మీద అవే అంకెలు.
ముగ్గురం వెళ్ళాం.
"ఇన్ని చెట్లా!" అంది సియాసి.
"పాపం, అమ్మకి ఇక్కడ దూరం కనపడదు."
సంచిలోంచి బూటు తీసింది.
అక్కడే పెట్టేస్తుందనుకున్నాను.
గడ్డికి తాకించి, మళ్ళీ సంచిలో వేసుకుంది.
"ఇంకా కుట్టాలి" అంది.

మొదటి మంచు పడ్డ రోజు పెట్టెలు విప్పాం.
గోరుముట్టు మాతోనే పెరికించారు.
వరసలో మొదట సియాసి, పలకకి ఛాతీ ఆనించి.
టూమాసీ కూతురికి చేతులు వణుకుతున్నాయి.
డాక్టరు ఆమె వెనక, చేతులు కట్టుకుని.
"ఊపిరి పీల్చమను. బిగబట్టమను."
చెప్పాను.
టప్పుమని వెలిగింది, అయిపోయింది.
అందరం తెర వైపు చూస్తూ ఉండిపోయాం.
వదలమని చెప్పడం మర్చిపోయాను.

ఆమే వదిలింది, ముసలి సీలులా ఒక్క పెట్టున,
వదిలి, నా వైపు తిరిగి తిట్టింది.
గదంతా నవ్వు.
ఏమంది, ఏమంది అని డాక్టరు అడుగుతున్నాడు.

నా కొలువులో మొదటిసారి
నేను అనువదించలేదు.